గడియారంలో అన్నయ్య

మిరినా, లిమ్నోస్ దీవి
21 అక్టోబర్ 2024

ఎవాంథియా వదినకు,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి మళ్ళీ కలం పట్టుకున్నాను. మూడేళ్ళ కిందట ఓడలు బాగుచేసే ఆ యార్డు నుంచి, అన్నయ్య పోయాడని మేస్త్రీ చేసిన ఫోన్ ఎత్తినదానివి, ఇక జన్మలో ఇంకో ఫోన్ ఎత్తనని కూర్చున్నావు. నేనేమీ అనలేదు. రొట్టెల పిండి పిసికే చెయ్యి ఇది, రాత కోడి గీకినట్టు ఉంటుంది. కష్టపడి చదువుకో.

మూడేళ్ళ గడువు తీరింది, అన్నయ్య ఎముకలు తీసి గొయ్యి ఖాళీ చేయమని సమాధుల తోట వాళ్ళు కబురు పెట్టారని ఒక్క ముక్క రాశావు. ఆ తరువాత పేజీన్నర నీ పిల్లి దగ్గు గురించి రాశావు. దేనికి ఎంత చోటు ఇవ్వాలో కూడా మరిచిపోయావా? తేదీ ఎప్పుడు? ఫాదర్‌తో మాట్లాడావా? కడగడానికి ద్రాక్షారసం కొన్నావా? నీళ్ళలాంటి చౌకరకం కొనకు.

అమ్మవి తీసినప్పుడు నేనే కడిగాను, నీకు గుర్తుండే ఉంటుంది. మైనంలా పసుపుపచ్చగా మెరిశాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ శిలువ గీసుకుని, "ఆత్మ చల్లగా ఉంది తల్లీ, ఏ పాపమూ అంటలేదు" అన్నారు. ఆ మాటతోనే నేను నాలుగేళ్ళు బతికాను. పక్కవీధి ముసలాయనవి నల్లగా వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు ఇప్పటికీ గుడిలో వెనక వరసలోనే నిలబడతారు. అన్నయ్యవి అమ్మవాటిలాగే వస్తాయి, నాకు తెలుసు. అయినా నా కళ్ళతో చూడాలి. అన్నయ్య పెట్టెను ఎముకల గదిలో అమ్మ పెట్టె పక్కనే పెట్టించు. అక్కడ ఒక్కదానికే చోటుంది. ఇంకెవరికీ ఇవ్వవద్దని అప్పుడే చెప్పి వచ్చాను.

నేను రాలేను. గుండెకు వాల్వు మార్చాక ఓడ ఎక్కవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నాడి చూసుకోమని మా అమ్మాయి రినూలా నా చేతికి ఒక గడియారం తగిలించింది కదా, ఇప్పుడు నా లోకమంతా అదే. నా ఫోన్ పిండి కలిపే యంత్రంలో పడింది. లోపల ప్రాణం ఉంది, అద్దం మాత్రం చచ్చింది. వచ్చే ఫోటోలూ వీడియోలూ గడియారంలో కనబడతాయి, బొటనవేలి గోరంత. నువ్వు పంపిన సమాధి ఫోటో అందులోనే చూశాను. వదినా, సమాధి పక్కన ఎర్ర చొక్కా వేసుకుని నిలబడ్డ మనిషి ఎవరు? నేనేమీ అనడం లేదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు, ఆ హక్కుతో అడిగాను, అంతే.

నీ మరిగో


నికేయా
28 అక్టోబర్ 2024

మరిగోకు,

ఉత్తరం అందింది. ఈ రోజు బడిపిల్లల కవాతు. డప్పులు మోగుతున్నాయి, కిటికీ మూశాను.

ఎర్ర చొక్కా మనిషి మనిషి కాదు. పువ్వులకు నీళ్ళు పట్టుకునే కుళాయి. గొట్టానికి ఎర్ర రంగు వేశారు. కావాలంటే ఈసారి కుళాయిని ఒక్కదాన్నే ఫోటో తీసి పంపుతాను, పెళ్ళిచూపులకు పంపినట్టు.

తేదీ నవంబర్ ఆరు, బుధవారం ఉదయం. ఫాదర్ వస్తానన్నారు. పెట్టె కొన్నాను. దాని ఫోటో కూడా ఈ రోజే పంపుతున్నాను. ఫోన్‌తో మాట్లాడే పని తప్ప మిగతావన్నీ చేస్తాను. పెట్టె మీద బిగించడానికి ఆయన బొమ్మ ఒకటి కావాలన్నారు. ఎండకు కళ్ళు చికిలించుకుని ఉన్నది ఇచ్చాను. అన్నిట్లోనూ చికిలించుకునే ఉన్నారు.

ఏమీ అనడం లేదని రాశావు. అను, పరవాలేదు. నాకు ఈ మధ్య ఏదీ తగలడం లేదు. మొన్న చిక్కుడుగింజలు వార్చేటప్పుడు మరుగునీళ్ళు చేతిమీద పడ్డాయి. పక్కింటి పొలిక్సేని గట్టిగా అరిచేదాకా చెయ్యి తీయలేదు. "నువ్వు మనిషివా, మొద్దువా?" అంది. ఆ రోజుకు తానూ వస్తుందట. "ఒక్కదానివే ఎలా పోతావే, నా మోకాళ్ళు ఊడిపోయినా సరే నీ వెంట వస్తా" అంది. వద్దనలేదు.

పిల్లికి దగ్గు తగ్గింది.

ఎవాంథియా


మిరినా
2 నవంబర్ 2024

వదినా,

కుళాయి సంగతి రినూలాకు బేకరీ ఫోన్లో చెబితే ఇక్కడికి వినబడేలా నవ్వింది. నవ్వనీ. ఆ గడియారం గుండ్రంగా ఉంటుంది వదినా, ఫోటో నాలుగు మూలలూ తెగిపోతాయి. మూలల్లో ఏముందో దేవుడికే తెలియాలి.

కానీ పెట్టె సరిగ్గానే కనబడింది. చెప్పులు కొంటే ఇచ్చే అట్టపెట్టెలా ఉంది! మా అన్నయ్యను అందులో పెడతావా? ఇరవై ఎనిమిదేళ్ళు నీ ఇంటికి నూనె, ఉప్పు, బొగ్గు మోసిన మనిషి. చెక్కది దొరకలేదా? నీ దగ్గర డబ్బు లేకపోతే నాతో చెప్పాల్సింది.

బుధవారం అన్నీ దగ్గరుండి చూడు. వీడియో తీయించు, మొదటినుంచీ చివరిదాకా. గడియారం మీద నాకు నమ్మకం లేదు, కాబట్టి నువ్వు చూసింది చూసినట్టు రాయి. ఏ రంగులో వచ్చాయో ముందు అదే రాయి, మిగతాది తరువాత. ఈ ఉత్తరం బుధవారానికి చేరితే బాగుండును.

మరిగో


నికేయా
7 నవంబర్ 2024

మరిగోకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది, అంతా అయ్యాక.

పెట్టె అట్టది కాదు, వాల్‌నట్ చెక్క. అట్టపెట్టె దాన్ని చుట్టి ఇచ్చినది. ఫోటో విప్పకముందు తీశాను.

నిన్నటి పని జరిగింది. రాత్రి వాన కురిసింది, మట్టి బురదగా ఉంది. అగాథోన్ తవ్వాడు. అత్తయ్యను తీసిన మనిషే, ఇప్పుడు జుట్టంతా నెరిసింది. ఫాదర్ తొందరలో ఉన్నారు, ఆయనకు ఇంకో రెండు గోతులున్నాయి. కడగడానికి కుదిర్చిన మనిషి రాలేదు. పొలిక్సేని ఫోన్‌ను పక్క సమాధి రాతికి ఆనించి పెట్టింది. మధ్యలో ఒకసారి పడిపోయింది. కడగడం అయింది. ఆరబెట్టి గుడ్డసంచిలో పోసి, మూతి కట్టి, వాళ్ళ వెనకగదిలో పెట్టారు. నెలాఖరులోగా పెట్టె తీసుకువెళ్ళి సర్దించుకోవాలి.

వీడియో పంపాను. రంగు ఏమిటని అడిగావు. అందులోనే ఉంటుంది, చూసుకో.

ఇంటికి వచ్చి పప్పుచారు తాగి పడుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని పొలిక్సేని నా పక్కనే కూర్చుంది. చివరికి ఆవిడే ఏడ్చి వెళ్ళింది. ఫోన్ ఆపి సొరుగులో పెట్టాను.

ఎవాంథియా


మిరినా
11 నవంబర్ 2024

వదినా,

చూశాను.

బేకరీ కట్టేశాక పిండి బస్తా మీద కూర్చుని, అమ్మ భూతద్దం ఒక చేత్తో పట్టుకుని చూశాను. కాసేపటికోసారి గడియారం ఆరిపోతుంది. ముక్కుతో తట్టి వెలిగించుకున్నాను. వేలెడంత అగాథోన్ తవ్వాడు. పైకి తీసి గుడ్డ మీద పేర్చాడు. కూజా వంచి ద్రాక్షారసం పోశాడు. అప్పటికీ నలుపే. మా పొయ్యి అడుగున మిగిలే బొగ్గు చూశావే, అలా. అంతటితో వీడియో అయిపోయింది. అన్నయ్య తల చూస్తున్నప్పుడు గడియారం నా నాడి ఎక్కువ కొట్టుకుంటోందని కనిపెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకోమని ఒక పువ్వు బొమ్మ వేసింది. అన్నయ్య ముఖం ఉండాల్సిన చోట ఆ పువ్వు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంది. దాన్ని ఎలా తీసేయాలో నాకు తెలియలేదు.

నువ్వు దగ్గరుండి చూశావు. చూసి కూడా "అందులోనే ఉంటుంది, చూసుకో" అని రాశావు. ఇంత నలుపు చూసి ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నావు. ఈ మూడేళ్ళలో ఆయన పేరు మీద గోధుమలు ఉడికించి గుడికి ఎన్నిసార్లు తీసుకెళ్ళావు? దీపంలో నూనె పోశావా, లేక దాన్నీ మరిచిపోయి పిల్లికి పాలు పోశావా? ఆయనకేమీ పాపం లేదు. చీమను తొక్కని మనిషి. మరి ఆ నలుపు ఎక్కడినుంచి వచ్చింది? ఇంట్లో ఏడ్చేవాళ్ళు లేకపోతే ఆత్మకు దారి దొరకదని అమ్మ అనేది.

అమ్మ పక్కన పెట్టించకు. పోయినవాళ్ళను తలుచుకునే శనివారాల్లో అందరూ పెట్టెల మూతలు తీసి తుడుచుకుంటారు. అమ్మ పసుపు పక్కన ఆ నలుపు అందరి కంటా పడాలా? ఇంకో రెండేళ్ళు మట్టిలోనే పెట్టించు, ఫాదర్‌ను అడుగు.

నేను మంచిదాన్ని కాదు, నాకు తెలుసు. కానీ నాకు ఉన్నది ఒక్క అన్న. ఆ అన్నను నా చేతిమీది గడియారంలో నల్లగా చూశాను.

మరిగో


నికేయా
18 నవంబర్ 2024

మరిగోకు,

నల్లగా ఉన్నాయని రాశావు. సరే.

నేను ఏదీ దాచలేదు. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. గోధుమలు ప్రతిసారీ ఉడికించాను. దానిమ్మగింజలు కూడా వేశాను. దీపంలో నూనె పోశాను. ఏడవలేదు, ఆ మాట నిజం. ఏడ్చేవాళ్ళు ఉండాలని మీ అమ్మ నాముందు కూడా అనేది.

నీ ఉత్తరం తీసుకుని అగాథోన్ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ పూడ్చడం కుదరదన్నాడు. "ఏ గోతిలో పెట్టమంటావమ్మా? ఆయన ఖాళీ చేసిన మర్నాడే ఇంకొకాయన దిగాడు. ఈ ఊళ్ళో చచ్చాక కూడా అద్దె ఇంటి బతుకే" అన్నాడు. ఎముకల గదిలో అత్తయ్య పక్కన తప్ప వేరే అర ఖాళీ లేదట. అయితే పెట్టెలో సర్ది అక్కడ పెట్టాలి, లేదా ఉమ్మడి గుంట. అందరివీ కలిపి పోసేది.

నువ్వు అత్తయ్య పక్కన వద్దన్నావు. ఆవిడ నీకు అమ్మ, నీ మాట కాదనే హక్కు నాకు లేదు. ఈ సంగతి నీకు చెప్పాలని రాశాను.

ఇక్కడ చలి మొదలైంది. తలుపు వెనక ఆయన కోటు ఉండేది. పొలిక్సేని అల్లుడికి ఇచ్చాను. అతనికి చేతులు పొట్టివి, మడిచి వేసుకున్నాడు.

ఎవాంథియా


మిరినా
24 నవంబర్ 2024

వదినా, ఎవాంథియా వదినా,

ఏ పనీ చేయకు. ఈ ఉత్తరం అందగానే ముందు పెట్టె పట్టుకుని అక్కడికి పరిగెత్తు, మిగతాది తరువాత చదువు.

నిన్న రినూలా కొత్త ఫోన్ పట్టుకుని సలోనికా నుంచి వచ్చింది. పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులోకి మార్చింది. మామయ్య వీడియో కూడా ఉందని చెప్పి నా ముఖం చూసి, "ఏమైందమ్మా?" అంది. చెప్పాను. "అమ్మా, గడియారం మొదటి పావుగంటే చూపిస్తుంది, ఇది ముప్పావు గంట ఉంది కదా! పైగా బ్యాటరీ కోసం వెలుతురంతా తగ్గించి పెట్టావు, దాంట్లో వెన్న కూడా నల్లగానే కనబడుతుంది" అని నెత్తి కొట్టుకుంది. టీవీకి తగిలించి గోడంత బొమ్మ చేసి చూపించింది.

నేను చూసింది కడగకముందు, వదినా. అంతా బురద. కూజాతో అగాథోన్ పోసింది ఒట్టి నీళ్ళు, మట్టి కరగడానికి. నేను దాన్నే ద్రాక్షారసం అనుకున్నాను. ఆ తరువాత నువ్వు వచ్చావు. కడిగింది నువ్వే! ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు. "కడగడం అయింది" అని రాశావు, అదేదో దానంతటదే అయినట్టు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మోచేతుల దాకా బేసిన్‌లో పెట్టి, ముఖం మాత్రం పక్కకు తిప్పేశావు. మొదటినుంచీ చివరిదాకా పక్క సమాధి రాయినే చూస్తూ కడిగావు. "చూసి కడగవే, చెయ్యి కోసుకుపోతుంది" అని పొలిక్సేని అరిచింది. "తెలుస్తోందిలే" అన్నావు. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. రినూలా మూడుసార్లు వెనక్కి తిప్పింది, నేనే తిప్పించాను.

నువ్వు దాచావని రాశాను. నువ్వు అసలు చూడనే లేదు. నా మాట ఒక్కటే నమ్మావు.

పచ్చగా ఉన్నాయి వదినా. అమ్మవాటిలాగే పచ్చగా, శుభ్రంగా. నీ చేతుల్లోంచి ఒక్కొక్కటి అలా వచ్చింది. నా కళ్ళు పోనూ, నా చెయ్యి విరిగిపోనూ, ఆ ఉత్తరం రాసినందుకు. నీకు ఫోన్ చేశాను, రినూలా చేత చేయించాను, ఆపేసి ఉంది. పొలిక్సేనికి చేస్తే కూతురి పురిటికి పత్రాస్‌లో ఉన్నానంది. నెలాఖరుదాకా గడువు ఉందన్నావు, ఈలోగా ఇది చేరుతుంది. అన్నయ్యను అమ్మ పక్కన పెట్టించు. ఎండలో చికిలించుకున్న బొమ్మే బిగించు, బాగుంటుంది.

నన్ను తిట్టి ఒక ఉత్తరం రాయి. పెద్దది రాయి.

నీ మరిగో


నికేయా
2 డిసెంబర్ 2024

మరిగోకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. గుమ్మంలో నిలబడే చదివాను.

నెలాఖరు దాకా నేను ఆగలేదు. నీకు ఉత్తరం వేసిన మర్నాడే వెళ్ళాను. ఎదురుచూడడానికి ఏమీ లేదనిపించింది. ఆఫీసులో సంతకం పెట్టించుకున్నారు. అగాథోన్ సంచి తెచ్చి గట్టు మీద పెట్టి, "ఒకసారి చూసుకుంటావా అమ్మా?" అన్నాడు. మూతికి ఒక తాడు, దానికి ఒక్క ముడి. నీ ఉత్తరం నా జేబులో ఉంది. వద్దన్నాను. అతను సంచి ఎత్తుకున్నాడు. గుంట మీది ఇనపమూత జరిపి, అవతలికి తిరిగి తాడు కోసి వంచాడు. డబ్బాలో శనగలు పోసినప్పటి చప్పుడు వచ్చింది. తరువాత సంచి మడిచి నాకు ఇవ్వబోయాడు. తీసుకోలేదు.

నువ్వు టీవీలో చూసిన రోజుకు అది జరిగి నాలుగు రోజులైంది. కాబట్టి ఫోన్ ఎత్తి ఉన్నా లాభం లేదు. ఆ విషయంలో నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

తిట్టి ఉత్తరం రాయమన్నావు. నీ మీద కోపం రావాలి కదా, నిన్నంతా కూర్చుని చూశాను. రాలేదు. నువ్వు గోరంత అద్దంలో చూశావు. నా ముందు సంచి ఉంది, దానికి ఒక్క ముడి ఉంది. విప్పనిది నేను.

అందులోంచి ఎవరినీ తిరిగి తీయలేరట. అడిగాను. "తీసినా ఎవరు ఎవరో దేవుడు కూడా చెప్పలేడమ్మా" అన్నాడు. అత్తయ్య పక్క అర ఖాళీగానే ఉంది. వచ్చే వారం వేరేవాళ్ళకు ఇస్తారు. వాల్‌నట్ పెట్టె మంచం కింద ఉంది.

ఒకటి అడుగుతాను. కడిగేటప్పుడు నా చేతులకు చాలా తెలిసింది. ఏ ఎముకను ఏమంటారో నాకు రాదు. కానీ భుజం తెలిసింది, నేను తల పెట్టుకునే చోటు. చిటికెనవేలు తెలిసింది, యార్డులో విరిగి వంకరగా అతికినది. చూస్తే ఏడుపు వస్తుందని, వస్తే ఇక ఆగదని భయపడి ముఖం తిప్పుకున్నాను. అందుకని బరువు తెలుసు, నునుపు తెలుసు. రంగు తెలియదు. నా ఫోన్లో ఉన్న వీడియో తెరవలేను. రెండుసార్లు సొరుగు లాగి మళ్ళీ మూసేశాను.

నువ్వు చూశావు. టీవీలో మళ్ళీ పెట్టించుకో. ఆపి ఆపి చూడు. భుజం ఎలా ఉందో, చెయ్యి ఎలా ఉందో, నుదురు ఎలా ఉందో ఒక్కొక్కటీ విడిగా రాయి. బాగున్నాయని రాయకు, నా మనసు కోసం రాయకు. ఊరికే పచ్చగా అని కూడా రాయకు. ఎంత పచ్చనో రాయి.

ఎవాంథియా